అరుగు మీద నా నవల

ఆ రోజు పొద్దున మా చిన్నమ్మ ఫోన్ నుంచి నాకు రెండు వాయిస్ మెసేజ్‌లు వచ్చాయి. మొదటిది చిన్నమ్మదే.

"బిడ్డా, నిన్న ఎందుకు పంపలే? ఇంక ఒక్కటే మిగిలిందంటివి గదా. గా ముసల్దాని మీద పడ్డ మాట పోతదా, పోదా? ముందుగాల అది చెప్పు. ఈడ అందరు పరేషాన్ అయితుండ్రు."

ఆ మాటల వెనక కత్తెరలు టకటకలాడుతున్నాయి. తునికాకు కత్తిరించే చప్పుడు అది. మా చిన్నమ్మ అరుగు మీద మధ్యాహ్నం దాకా నీడ ఉంటుంది కాబట్టి ఆ వాడలో బీడీలు చుట్టే ఆడవాళ్లంతా అక్కడే చేరతారు.

రెండో మెసేజ్ కొద్దిసేపటికి వచ్చింది. అదే ఫోను, గొంతు మాత్రం వేరు. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది.

"మేడం, నేను పక్కింటి కోడల్ని. ఆఖరిది పంపకుండ్రి, దండం పెడుత. రాళ్లేసేది గా కోడలే అని నాకు ఎరికైంది. మా ఇంట్ల గూడ అసొంటిదే నడుస్తుంది. పెట్టెల పెట్టిన చీరెలు తెగుతున్నయ్. మీ చిన్నమ్మనే చేసిందని అంటుండ్రు. ఆదివారం ఒకాయనను పిలిపిస్తుండ్రు. మీరు కోడలని చెప్పిండ్రంటె మా అత్త నా దిక్కే సూస్తది."

మరోసారి విందామని వేలు పెట్టేలోపే ఆ మెసేజ్ లేకుండా పోయింది. తొలగించినట్టు ఒక గుర్తు మిగిలింది. చిన్నమ్మ ఆకు తడపడానికి లోపలికి వెళ్లిన సందులో ఆ పిల్ల చిన్నమ్మ ఫోన్‌లో మాట్లాడి, చెరిపేసి, మళ్లీ తన చాట ముందు కూర్చుని ఉంటుంది.

నా నవల చివరి భాగం పంపితే మా చిన్నమ్మ మీద పడ్డ నింద పోతుంది. పంపితే ఆ పిల్ల దొరికిపోతుంది. నేను కరీంనగర్‌లో మా ఇంటి వంటగదిలో టీ గ్లాసు పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను.

నేను మొదటి నుంచీ వ్యాసాలు రాసేదాన్ని. బాణామతి అబద్ధమని, చేతబడి అబద్ధమని, ఆ పేరు చెప్పి ఒంటరి ఆడదాన్ని కొట్టి చంపేవాళ్లు భక్తులు కాదు హంతకులని రాసిన మనిషిని. సంస్కరణ సభల్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని వాదం నేర్చుకున్నాను. ఎదుటివాడి మాట పూర్తిగా విను, ఆధారం అడుగు, ఆ తర్వాతే నోరు తెరువు అని వాళ్లు నేర్పారు. ఊళ్లకు వెళ్లి, మంత్రగాళ్లు చేసే కనికట్లు మేమే చేసి చూపించేవాళ్లం. జనం చప్పట్లు కొట్టేవాళ్లు. నా వ్యాసాలు మాత్రం ముందే నాతో ఏకీభవించేవాళ్లే చదివేవాళ్లు. ఒప్పుకునేవాళ్లకే మళ్లీ మళ్లీ చెప్పడం నాకు విసుగొచ్చింది. అందుకే ఒక సస్పెన్స్ నవల రాశాను. దెయ్యాన్ని నమ్మేవాళ్లు కూడా చివరి పేజీ దాకా వదలకుండా చదవాలని.

కథ పెద్దదేం కాదు. ఒక చిన్న పట్టణం. ఒక ఇంటి మీద దీపాలు పెట్టే వేళకు రాళ్లు పడుతుంటాయి. వెనక ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలమ్మ మీద ఊరంతటికీ అనుమానం. చివరికి తేలేదేమిటంటే, రాళ్లు విసిరేది ఆ ఇంటి చిన్న కోడలు. ఆ ఇంట్లో ఆమెతో ఎవరూ మాట్లాడరు, కట్టుకున్నవాడు కూడా. రాళ్లు పడ్డ సాయంత్రం ఇంటిల్లిపాదీ భయంతో ఒకే గదిలో చేరతారు. ఆ ఒక్క పూట ఆమె పక్కన ఒక మనిషి కూర్చుంటాడు.

నవల అచ్చయ్యాక కరీంనగర్‌లో ఒక గ్రంథాలయం హాల్లో పాఠకులు మీటింగు పెట్టారు. రిటైరైన ఒకాయన లేచి, "మేడం, నేను సగంలోనే పట్టేసిన, కోడలే అని" అని పక్కవాళ్ల వైపు చూశాడు, బహుమతి ఇస్తారేమో అన్నట్టు. ఒకావిడ అది ఏ ఊరో చెప్పమని పట్టుబట్టింది. తాను కోడలి మరిది అనుకున్నానని, నేను మోసం చేశానని ఇంకొకాయన నిష్ఠూరమాడాడు. అందరి ప్రశ్నా ఒకటే, ఎవరు? చివరి భాగంలో సగానికి పైగా ఆ పిల్ల ఎందుకు రాళ్లు విసిరిందో రాశాను. దాని గురించి ఒక్కరూ అడగలేదు.

ఇంటికొచ్చాక నాకు ఒక సంగతి తట్టి గుచ్చుకుంది. బిడ్డకు జ్వరమొస్తే "ఎందుకొచ్చింది" అని అడగకుండా "ఎవరు చేశారు" అని అడగడమే మూఢనమ్మకమని నేను ఎన్ని సభల్లో చెప్పానో. తీరా నవల రాస్తే అదే ప్రశ్న మీద నడిపాను.

మా చిన్నమ్మకు చూపు తగ్గింది, సన్న అక్షరాలు కనపడవు. నా పుస్తకం చేతికిస్తే అట్ట నిమిరి, "ఇది నేనెట్ల సదువాలె?" అంది. అందుకే రోజుకొక భాగం నేనే చదివి వాయిస్ మెసేజ్‌గా పంపడం మొదలుపెట్టాను. ఆ వాడలో అది అలవాటైన పద్ధతే. సగం ఇళ్లలో మగవాళ్లు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు, వాళ్ల కబుర్లు వాయిస్ మెసేజ్‌లుగానే వస్తాయి. బీడీలు చుట్టే చేతులకు ఫోన్ చెవి దగ్గర పట్టుకునే తీరిక ఉండదు. ఫోన్ అరుగు మీద పెట్టి గట్టిగా మోగిస్తారు, ఎవరి మొగుడు ఏం చెప్పినా అందరూ వింటారు. నా నవలనూ అలాగే విన్నారు. వింటూ తిరిగి నాకు మెసేజ్‌లు పెట్టేవాళ్లు. మూలన కూర్చునే ఒక లావుపాటామె ఉంది, నోరు ఊరుకోదు. "అక్కా, గా మరిదిగాడు పొద్దూకంగనె యాడికి పోతుండో జర పట్టించుకో. నువ్వు పట్టించుకోకుంటె నేనే అచ్చి పట్టుకుంట" అనేది. నవల రాసినందుకు నాకు దొరికిన నిజమైన సంతోషం అదే.

ఆ ఇద్దరి గొంతులూ విన్నాక ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. మర్నాడే బస్సెక్కాను. మతి కుదరనివాళ్లను మొక్కుకు తీసుకొచ్చే కొండగట్టు గుడి స్టేజీ దగ్గర సగం బస్సు ఖాళీ అయింది. ఒక తల్లి, చూపు నిలపని కొడుకును నడుం చుట్టూ చెయ్యి వేసి దింపుకుంటోంది. ఊరుకోలేక, "డాక్టరుకు కూడా చూపించమ్మా" అన్నాను. "సూపిస్తనే ఉన్నం అక్కా, రెండు దిక్కుల తిరుగుతున్నం" అంది, కోపం లేకుండా.

చిన్నమ్మ ఇల్లు చేరేసరికి అరుగు నిండా జనమే. అయితే ప్రతి చాట పక్కనా ఒక నీళ్ల సీసా ఉంది. ఇదివరకు వాళ్లంతా చిన్నమ్మ కుండలో నీళ్లే ముంచుకు తాగేవాళ్లు. వంటింట్లోకి వెళ్లి అదేమిటని అడిగాను.

"ఎండకాలం గద బిడ్డా. సల్లటియి తెచ్చుకుంటున్నరు."

"తలుపుకు కొత్త గొళ్లెం ఎందుకు పెట్టించావు? చీరల మాట నీ మీదికి వచ్చిందనేనా?"

చిన్నమ్మ పొయ్యి మీద గిన్నె మూత తీసి మళ్లీ పెట్టింది. "నీకు ఎవలు చెప్పిండ్రు?"

"ఎవరో చెప్పారు. నువ్వెందుకు చెప్పలేదు?"

"చెప్తె నువ్వు ఊకుంటవా? మైకు పట్టుకొని అస్తవు, పోలీసోళ్లను తెస్తవు. రేపు మళ్ల నేను గీ అరుగు మీదనె బతకాలె గదా."

"ఆ చీరలు ఎవరు కోస్తున్నారనుకుంటున్నావు?"

"నాకేమెరిక బిడ్డా. నేను కాదని నాకెరిక, గంతే." తర్వాత గొంతు తగ్గించి, "నీ కతల ముసల్దానికి ఏమన్న అయితదా?" అని అడిగింది.

"ఏమీ కాదు చిన్నమ్మా. ఆమె తప్పేం లేదని తేలుతుంది."

చిన్నమ్మ ఊపిరి వదిలి గోడకు ఆనుకుంది. కథలో ముసలమ్మ బతికితే తానూ బతుకుతానని లెక్క వేసుకుందని అప్పుడు అర్థమైంది. ప్రతి భాగం విన్నాక ఆమె అడిగేది ఆ ముసలమ్మ గురించే. నేను దాన్ని కథ మీద ఆసక్తి అనుకున్నాను.

ఆదివారం రాబోయేవాడు అంజనం వేసి పేరు చెప్పేవాడని ఆమే చెప్పింది. అలాంటివాళ్ల సంగతి నాకు తెలుసు. వచ్చే ముందే ఊళ్లో ఎవరి మీద అనుమానం ఉందో విచారించుకుని, ఆ పేరే చెప్పి పోతారు. ఆ తర్వాత జరిగేదానికి వాళ్ల పూచీ ఉండదు. ఇలాంటి పేరు ఒకటి పలికినందుకు ఒక ఊళ్లో ముసలి దంపతులకు ఏం జరిగిందో చూసి వచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. కాబట్టి నోరు మూసుకుని వెనక్కి వెళ్లే దారి నాకు లేదు.

ఆకు తడపడానికి నీళ్లు కావాలన్న వంకతో పక్కింటి కోడలు లోపలికి వచ్చింది. చిన్నమ్మ ఏమనుకుందో, తానే లేచి అరుగు మీదికి వెళ్లిపోయింది. పిల్ల ఇరవై దాటి ఉంటుంది. వేళ్లకు బీడీల తంబాకు రంగు పట్టింది. మగ్గు చేతిలో పట్టుకుని నిలబడింది, నీళ్లు ముంచలేదు.

"నువ్వేనా?" అన్నాను.

తల ఊపింది.

"నా కథ విని మొదలుపెట్టావా?"

"కాదు మేడం. అంతకు ముందటి సందే. మీ కత ఇన్నంక నాకు కాళ్లు సేతులు ఆడలే. నా సంగతి మీకెట్ల ఎరికైందా అని."

"ఎందుకు కోశావు?"

మగ్గు అంచును గోటితో గీకింది. తర్వాత ఒక్కసారిగా చెప్పింది. "పెండ్లయిన నెలకే ఆయన మస్కట్ పోయిండు. ఫోను మా అత్త దగ్గరనె ఉంటది. మెసేజ్ అస్తె అరుగు మీద పెట్టి అందరికి ఇనిపిస్తది. 'అవ్వా, మంచిగున్నవా, అందరు మంచిగున్నరా' అంటడు. ఆ అందర్ల నేనొకదాన్ని. అందరు ఇంటరని ఆయన సుత ఏమనడు. ఒకపారి చీరె మడత పెడుతుంటె కత్తెర తగిలి తెగింది. తిడుతదని ఊకున్న. అత్త సూసి, ఏందో అయిందని లబలబ మొత్తుకొని ఆయనకు ఫోన్ చేసింది. ఆయన నాకియ్యమన్నడు మేడం. నా పేరు పెట్టి పిలిచిండు. 'భయపడుతున్నవా?' అని అడిగిండు. ఎన్నడు గట్ల అడగలే."

"రెండోది కత్తెర తగిలి తెగలేదు."

"లేదు" అంది. మగ్గులో నీళ్లు లేకపోయినా దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉంది. "ముసలవ్వ మీదికి పోతదని నాకు ఎర్క లేకుండె. ఇప్పుడు చెప్తె నన్ను సంపుతరు. చెప్పకుంటె ఆమెను సంపుతరు. నాకు బువ్వ పోతలేదు మేడం."

నా వాదనల్లో ఇలాంటి పిల్ల ఎప్పుడూ ఎదురు రాలేదు. మా సభల్లో ఎదుటి పక్షం బాబాలే. ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి, "నేను అబద్ధం చెప్పను. నిన్ను పట్టివ్వను కూడా. ముసలమ్మ మీద మాట మాత్రం ఈ రోజే పోవాలి. ధైర్యంగా వచ్చి కూర్చో" అన్నాను. ఆ రెండూ ఎలా కుదురుతాయో నాకప్పటికి తెలియదు.

అరుగు మీద పుస్తకం తెరిచి కూర్చున్నాను. పక్కింటి అత్త నా ఎదురుగానే ఉంది. యాభై ఏళ్ల మనిషి, బిగించిన ముడి, ఒళ్లో చాట. ఆమె ఫోన్ చాట అంచున దారం ఉండ పక్కన ఉంది. కోడలు ఆమె వెనక, స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

"చదివే ముందు ఒక మాట చెప్తాను," అన్నాను. "ఆ ముసలమ్మ ఏ తప్పూ చేయలేదు."

చిన్నమ్మ తల ఎత్తలేదు. చేతిలోని బీడీకి దారం రెండుసార్లు ఎక్కువ చుట్టింది.

"మరి ఎవలు?" అంది లావుపాటామె. "మరిదా? కాదా? అయితె ఇంక మిగిలింది గా కోడలే. కోడలేనా అక్కా?"

స్తంభం దగ్గర కత్తెర ఆగిపోయింది. నాకు వినపడింది. అత్తకూ వినపడిందేమో.

వాదంలో ఒక పద్ధతి ఉంది. ఎదుటివాడి మాట నిజమే అనుకుందాం, ఆ తర్వాత ఏమిటి అని అడగడం. నాకు అప్పుడు అందిన దారి అదొక్కటే. "కోడలే అనుకో," అన్నాను. "ఏం చేద్దాం ఆమెను?"

"ఏం చేస్తం?" లావుపాటామె నవ్వింది. "ఎవలమన్న చేసేటంత పతివ్రతలమా గీడ? నేను మా అత్త మీది కోపంతోని పాలల్ల ఉప్పేసిన. విరిగినయ్. పిల్లి మీద పెట్టిన."

"థూ, నీ మొకం పాడుగాను! పాపం పిల్లి."

"నీ సంగతి చెప్పవే. ఒంట్లెకు అమ్మవారు అచ్చిందని ఊగలేదా నువ్వు? 'నీ కోడలితోని వరి నాటు ఏపియ్యకు, దానికి కొత్త చీరె పెట్టు' అని అమ్మవారు చెప్పిందాయె!"

"నడుం నొచ్చిందే అప్పుడు! ఊకెనే అడిగితె ఎవలు పెడుతుండిరి?"

అరుగంతా నవ్వులే. కొంగులు నోళ్లకు అడ్డం పెట్టుకుని, ఒకళ్లనొకళ్లు మోచేతులతో పొడుచుకుంటూ నవ్వారు. నా వ్యాసాల్లో ఏ ఒక్కదానికీ ఇంత నిజం బయటికి రాలేదు. పూనకం గురించి నేను పేజీలకు పేజీలు రాశాను. నడుం నొప్పి సంగతి ఆ పేజీల్లో లేదు.

పక్కింటి అత్త మాత్రం నవ్వలేదు. "ఎందుకేసింది రాళ్లు?" అని అడిగింది.

కరీంనగర్ హాల్లో ఎవరూ అడగని ప్రశ్న అది. చివరి భాగంలోంచి ఆ పేజీలు చదివాను. ఇంట్లో ఎవరూ మాట్లాడకపోవడం, రాళ్లు పడ్డ సాయంత్రం అందరూ ఒక గదిలో చేరడం, ఆ పిల్ల పక్కన భర్త వచ్చి కూర్చోవడం. నవ్వులు సద్దుమణిగాయి.

"ఆమె మొగడు యాడుంటడు నీ కతల?" అంది అత్త.

"ఆ ఇంట్లోనే ఉంటాడు."

"ఇంట్లనె ఉండి మాట్లాడడా?"

"మాట్లాడడు."

"మరి దూరముంటె?" అని ఆగింది. అది నన్నడిగిన ప్రశ్న కాదు. వెనక్కి తిరిగి కోడలి వైపు చూసింది. ఆ పిల్ల భయపడ్డ చూపు ఇదే. నేను పుస్తకం మూసి లేవబోయాను, ఎందుకో నాకే తెలియదు, మధ్యలో నిలబడదామనేమో. అత్త చూపు కోడలి ముఖం మీది నుంచి ఆమె చాటలోని కత్తెర మీదికి పోయి, అక్కడ కాసేపు నిలిచింది. చెయ్యి మాత్రం లేవలేదు. తంబాకు దుమ్ము దులుపుకుని ఫోన్ తీసుకుని, ఆదివారం రావలసిన అంజనంవాడికి కలిపింది.

"అన్నా, ఆదివారం అద్దు. ఆ, రావద్దు. ఎందుకంటె ఏం చెప్పాలె... ఎలుకలన్నా! పెట్టెల ఎలుకలు వడ్డయ్. చీరెలన్ని కొట్టినయ్. నా కండ్లతోని సూసిన. ఎలుకలకు అంజనమెందుకు?"

ఫోన్ దించి చుట్టూ చూసింది, ఎవరైనా ఏమైనా అంటారా అన్నట్టు. లావుపాటామె తల ఊపి ఆకు అందుకుంది. సాయంత్రానికి వాడంతా ఎలుకల కథ తిరుగుతుందని నాకు అర్థమైంది. ఎలుక కొరికిన గుడ్డ ఎలా ఉంటుందో, కత్తెర కోసిన గుడ్డ ఎలా ఉంటుందో నాకు తెలియదా? ఆధారం చూపించు అని జీవితమంతా గొంతు చించుకున్నదాన్ని, నా ఎదుటే ఎలుకల మీద నేరం మోపుతుంటే బుద్ధిగా కూర్చున్నాను.

"ఎలుకలా?" అంది చిన్నమ్మ, దారం తెంపుతూ. చాలా రోజుల తర్వాత ఆమె గొంతులో పదును వినిపించింది. "నన్ననక ముందుగాల పెట్టె కింద సూసుకుంటె అయిపోవు గదా."

"తప్పయింది అత్తా," అంది పక్కింటామె, తల తిప్పకుండా. "నా కండ్లు మూసుకపోయినయ్."

ఆ తర్వాత ఆమె కొడుకుకు ఫోన్ కలిపింది. అక్కడ పనిలో ఉన్నాడేమో, చాలాసేపు మోగింది. ఎత్తగానే "నేను కాదురా, ఇగో, ఈమెతోని మాట్లాడు" అని కోడలి చేతికి ఇచ్చింది. పిల్ల ఫోన్ పట్టుకుని అక్కడే నిలబడింది. ఎప్పటిలాగే అందరి మధ్యా మాట్లాడాలనుకుంది పాపం.

"ఈడ కాదు. ఇంట్లకు పో. తలుపేసుకో. ఈళ్ల చెవులు పెద్దగున్నయ్."

పిల్ల అత్త ముఖంలోకి ఒకసారి చూసి, చాట దాటి, పక్కింట్లోకి వెళ్లింది. తలుపు మూసుకున్న చప్పుడైంది. అరుగు మీద ఎవరూ మాట్లాడలేదు. రెండిళ్ల మధ్యా ఒకటే గోడ. అంత నిశ్శబ్దంలో లోపలి గుసగుస కూడా వినపడుతుందని అందరికీ తెలుసు, అందరూ చెవులు రిక్కించారు కూడా. లావుపాటామె అయితే కొంచెం జరిగి గోడ వైపు వంగింది.

అత్త వాళ్ల మీద విరుచుకుపడింది. "ఏందే, నోర్లు పడిపోయినయా మీకు? రోజు ఊకుండుమంటె ఊకోరు. మాట్లాడుండ్రి! గట్టిగ మాట్లాడుండ్రి!"

మాట్లాడమంటే ఎవరికీ మాట దొరకలేదు. ఆమె నా వైపు తిరిగింది.

"అక్కా, నువ్వన్న ఏదన్న సదువు. జర గొంతు లేపి సదువు."

పుస్తకం తెరిచి మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. సభల్లో మైకు పాడైనప్పుడు చదివినంత గట్టిగా చదివాను. ఎవరూ వినలేదు. కథ వాళ్లకు తెలుసు, చివర ఏముందో కూడా తెలుసు. గోడ అవతల ఆ పిల్ల నవ్వినట్టు అనిపించింది. నేను గొంతు ఇంకా పెంచాను.